పేరు సైనికుడిది... పెత్తనం ఎవరిది?

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డు దారుల్లో టిక్కీల లారీలే లారీలు. చిలకలూరిపేట వైపు నుంచి పత్తి లోడు ట్రాక్టర్లు సరేసరి. వాటన్నిటికీ డీజిల్ పోసే ఒక బంకు, సైన్యం నుంచి రిటైరైన సుబేదారుగారిదనుకోండి. రక్షణ సిబ్బంది కోటాలో వచ్చింది. సీజన్లో స్టాకు తెప్పించాలంటే చేతిలో డబ్బాడటం లేదు. అప్పుడొచ్చాడు బావమరిది.

'డబ్బు నేను పెడతా బావా. సగం వాటా స్టాంపు కాగితం మీద రాసుకుందాం. కంపెనీకి చెప్పేదేముంది? మనం మనం ఒకటేగా!'

ఇంట్లో మాటే కదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే!

మనిషిని చూసి ఇచ్చింది

ఈ కోటాలో దరఖాస్తు చేయాలంటే రక్షణశాఖ పునరావాస విభాగం (డీజీఆర్) ఇచ్చే అర్హతపత్రం ఉండాలి. యుద్ధంలో భర్తను కోల్పోయినవారికీ, వికలాంగులైన జవాన్లకూ అందులో ముందు వరుస. 1999 కార్గిల్ యుద్ధం తరవాత అమరుల కుటుంబాలకు ప్రత్యేక పథకం కింద బంకులు, గ్యాస్ ఏజెన్సీలు ఇచ్చారు. అంటే, ఇది మనిషినీ ఆయన సేవనూ చూసి ఇచ్చిన బతుకుతెరువు. అందుకే భాగస్వామిని చేర్చుకోవాలన్నా, తీసేయాలన్నా, వాటాలు మార్చాలన్నా చమురు కంపెనీ రాతపూర్వక అనుమతి ముందే తీసుకోవాలి. తెరచాటున వేరొకరు నడిపితే అది బినామీ. రుజువైతే డీలర్‌షిప్ రద్దుదాకా వెళ్లొచ్చు. అప్పుడు బావకు బంకూ ఉండదు, బావమరిదికి డబ్బూ రాదు. టిక్కీ మీద చీటీ ఒకటి, లోపల కాయ ఇంకొకటి అయితే యార్డులో ఎవరైనా ఒప్పుకుంటారా? ఇదీ అంతే.

అందరికీ ఇదే లెక్క

సైనికులకే కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి చేయాలి. అందులో ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు 4 శాతం, మహిళల యూనిట్లకు 3 శాతం కేటాయింపు ఉంది. ఎస్సీ, ఎస్టీల భాగస్వామ్య సంస్థయితే వారి వాటా కనీసం 51 శాతం ఉండాలి. కొత్త భాగస్వామి కోసం దాన్ని 50కి తగ్గించారా... ఆ హోదా పోయినట్టే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో వివరాలు ఎప్పటికప్పుడు సరిచేయకపోతే దాన్ని నిలిపేసే అధికారమూ ఉంది. జీఎస్టీలో భాగస్వాముల మార్పును 15 రోజుల్లో తెలపాలి.

అమెరికాలోనూ ఇదే పద్ధతి. ప్రభుత్వ కాంట్రాక్టుల కోసం మాజీ సైనికుల సంస్థగా గుర్తింపు పొందాలంటే వారికి 51 శాతం యాజమాన్యం ఉండాలి. నిర్వహణా వారి చేతిలోనే ఉండాలి. అర్హతను ప్రభావితం చేసే మార్పేదైనా జరిగితే 30 రోజుల్లో చెప్పాలి.

ముందు ఉత్తరం, తరవాత సంతకం

బావమరిది డబ్బు పెట్టడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. ముందు కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. అనుమతి చేతికొచ్చాకే ఒప్పందం రాసుకోవాలి. డీలరు కన్నుమూస్తే వారసులు కూడా వెంటనే తెలియజేసి, తమ పేర మార్పు కోరాలి. వాటాలెవరివో, షరతులేమిటో భార్యాబిడ్డలకు తెలియకపోతే ఆ కష్టకాలంలో కాగితాల కోసం తిరగాల్సింది వాళ్లే. ఈ ఆదివారం బీరువాలోని ఆ ఫైలు తీసి, ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి ఓసారి చదివి వినిపించండి.