మరక ఒకచోట.. లీకేజీ మరోచోట: పాత కారు ఇంజిన్‌లో అసలు జాడ కనిపెట్టడమెలా?

దేశంలో వ్యక్తిగత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆపై ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. అంత వయసున్న కారు రాత్రంతా నిలిచిన చోట తెల్లవారేసరికి ఒక మరక కనిపించడం వింతేమీ కాదు. మరక చూసి యజమాని షెడ్డుకు వెళతారు. సీలు పోయిందంటారు, సీలు మారుస్తారు. వారం తిరగకముందే అదే చోట మళ్లీ మరక. కొత్త సీలు నాసిరకమన్న అనుమానం అప్పుడు మొదలవుతుంది. చాలాసార్లు సీలులో దోషం ఉండదు. లీకేజీ అసలు అక్కడ లేదు, అంతే.

కారణం తేలికగానే అర్థమవుతుంది. ఇంజిన్ పైభాగంలో ఊరిన ఆయిల్ నేరుగా నేలమీద పడదు. అంచులు, బోల్టులు, తీగలు పట్టుకుని కిందికి జారుతుంది. కారు నడుస్తున్నప్పుడు ఎదురుగాలి, రేడియేటర్ ఫ్యాను గాలి దాన్ని వెనక్కి నెడతాయి. చివరకు ఇంజిన్‌లో అన్నిటికన్నా దిగువన ఉండే ఆయిల్ చాంబర్ అంచుకో, గేర్‌బాక్స్ అతుకుకో చేరి అక్కడి నుంచి చుక్కగా రాలుతుంది. అందుకే అనుభవం ఉన్న మెకానిక్ కారు కిందికి దూరడానికి ముందు బానెట్ తెరుస్తాడు. తడి ఉన్న చోట్లలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నది ఏదో వెతుకుతాడు.

ముందు తేలాల్సింది అది ఏ ద్రవమన్నదే

రాత్రి కారు కింద తెల్లటి అట్టముక్క పరిచి, చక్రాలు ఎక్కడ ఉన్నాయో దానిపై గీత గీసి ఉంచితే ఉదయానికి సగం సమాచారం చేతికందుతుంది. ఇంజిన్ ఆయిల్ కొత్తదైతే తేనె రంగులో, వాడినదైతే నల్లగా ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది. గేర్ ఆయిల్ మరింత చిక్కన, గంధకపు ఘాటు వాసన. పవర్ స్టీరింగ్ ఉన్న అనేక కార్లలో దాని ద్రవం ఎర్రగా ఉంటుంది, పాతబడితే గోధుమరంగుకు మారుతుంది. కూలెంట్ ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగుల్లో ఏదో ఒకటి. జిగటగా, తీయటి వాసనతో ఉంటుంది. ఆ తీపి ప్రమాదకరం. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ మూత్రపిండాలను దెబ్బతీసే విషం. కుక్కలు, పిల్లులు నాకితే ప్రాణం పోవచ్చు కాబట్టి నేలమీది ఆ మడుగును వెంటనే కడిగేయాలి. రుచి చూసి పోల్చుకునే ప్రయత్నం మనుషులూ చేయకూడదు.

బ్రేక్ ఆయిల్ కొత్తదైతే దాదాపు నీళ్లలా, పాతదైతే టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. పెయింట్ మీద పడితే రంగును ఊడదీస్తుంది. పెట్రోల్‌కు మరకకన్నా వాసనే పెద్ద గుర్తు, చుక్క పడిన కాసేపటికే ఆరిపోతుంది. ఏసీ వేసుకుని తిరిగి వచ్చాక కారు ముందు సీటు కింది భాగంలో పడే స్వచ్ఛమైన నీరు మాత్రం లీకేజీ కాదు. గాలిలోని తేమ చల్లబడి గొట్టం ద్వారా బయటికి పోతున్నదంతే. వేసవిలో దాన్ని చూసి కంగారుపడి షెడ్డుకు పరుగెత్తేవారు తక్కువేమీ కాదు.

శుభ్రం చేయకుండా వెతికితే వృథా

ఇరవై ఏళ్ల ఇంజిన్‌పై పేరుకున్న మడ్డిలో నిన్నటి తడి ఏదో, పదేళ్ల నాటి తడి ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మడ్డిని కరిగించే ద్రావణం పూసి, బ్రష్షుతో రుద్ది, కడిగి ఆరనివ్వాలి. డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్, వైర్ల సాకెట్ల మీద పాలిథిన్ సంచులు కట్టాలి. అధిక పీడనంతో నీళ్లు కొట్టరాదు. పెట్రోల్‌తో కడిగే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఒక్క నిప్పురవ్వ చాలు, కారే మిగలదు.

ఆరిన ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి టార్చితో చూడాలి. ఏమీ కనిపించకపోతే పది, ఇరవై కిలోమీటర్లు తిరిగి వచ్చి మళ్లీ చూడాలి. అనుమానమున్న అతుకు చుట్టూ కాస్త ట్యాల్కం పౌడర్ చల్లితే తడి ఊరిన చోట చార పడుతుంది. అప్పటికీ దొరక్కపోతే ఆయిల్‌లో మెరిసే రంగు కలిపి, అతినీలలోహిత టార్చి వేసి చూసే పద్ధతి ఉంది. ఊరే చోటు పసుపుపచ్చగా వెలుగుతుంది. ఖర్చు స్వల్పం. గేర్‌బాక్స్ దించాలన్న నిర్ణయానికి ముందు ఈ పరీక్ష కోరడం యజమాని హక్కు.

1983 నుంచి 2014 వరకు తయారైన మారుతి 800 ఇందుకు చక్కని ఉదాహరణ. దాని కార్బ్యురేటర్ కాలపు మూడు సిలిండర్ల ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ సిలిండర్ హెడ్డుకు ఒక చివర, గేర్‌బాక్స్ ఉన్న వైపున బిగించి ఉంటుంది. అక్కడి రబ్బరు రింగు ఎండి గట్టిపడితే ఆయిల్ ఊరి, సరిగ్గా గేర్‌బాక్స్ అతుకు మీదికే జారుతుంది. కింద నుంచి చూసేవారికి అది క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీలు లీకేజీలాగే అనిపిస్తుంది. ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్స్, క్లచ్ విప్పాలి, ఒక రోజు పని. రబ్బరు రింగు మార్చడం కొద్దిసేపటి పని. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ కూడా ఇలాగే మోసగిస్తుంది. వేడికి అది గట్టిపడి ముందుగా మూలల్లో ఆయిల్ వదులుతుంది. బోల్టులను ఇంకాస్త బిగిస్తే ఆగుతుందనుకోవడం పొరపాటు. రేకు కవర్ వంగి లీకేజీ పెరుగుతుంది.

అదే ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ సీలు నుంచి ఊరే ఆయిల్‌ను మాత్రం చిన్నదని వదిలేయకూడదు. అది టైమింగ్ బెల్టు మీద పడితే బెల్టు రబ్బరు ఉబ్బి పాడవుతుంది, బెల్టు తెగితే కారు నడిరోడ్డుపై నిలిచిపోతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్ రింగు, చాంబర్ బోల్టు కింది వాషర్.. ఈ మూడూ సులువుగా చేతికందే చోట్లు కనుక పెద్ద పనికి దిగేముందే చూసెయ్యాలి.

అంబాసిడర్ కథ మరోలా ఉంటుంది. బ్రిటిష్ మోరిస్ కారు నుంచి వచ్చిన దాని 1489 సీసీ పాత పెట్రోల్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ వెనుక చివర రబ్బరు సీలే లేదు. షాఫ్ట్ మీద చెక్కిన మరలాంటి గాడి, తిరుగుతున్నంతసేపూ ఆయిల్‌ను లోపలికి తోస్తుంది. ఇంజిన్ ఆగాక ఒకటి రెండు చుక్కలు పడటం ఆ నిర్మాణంలోనే ఉంది. ఆ చుక్కలు ధారగా మారితేనే ఆలోచించాలి.

ఒకేసారి మూడు నాలుగు చోట్ల తడి కనిపిస్తే సీళ్లన్నీ ఒకే నెలలో పోయాయని భావించడం తొందరపాటు. పిస్టన్ల పక్కనుంచి జారే వాయువులను ఇంజిన్ అడుగు నుంచి బయటికి పంపే పీసీవీ వాల్వు గానీ, దాని గొట్టం గానీ మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి బలహీనంగా ఉన్న ప్రతి అతుకు నుంచీ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. వాల్వు శుభ్రం చేయకుండా ఎన్ని సీళ్లు మార్చినా ఫలితముండదు. వాల్వు బాగున్నా ఒత్తిడి తగ్గకపోతే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. అప్పుడు చర్చ లీకేజీ గురించి కాదు, ఇంజిన్ బోరు పని గురించి.

కూలెంట్ జాడ

వేడి ఇంజిన్‌పై రేడియేటర్ మూత తీయడం ఎంత ప్రమాదమో ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మూత లోపల సుమారు ఒక వాతావరణ పీడనం మేర అదనపు ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో నీరు 120 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. మూత తీసిన క్షణాన అదంతా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

కారిన కూలెంట్ వేడికి ఆరిపోయి తెల్లని లేదా ఆకుపచ్చని పొక్కు మిగులుతుంది. హోస్ పైపుల చివర్లు, క్లిప్పులు, రేడియేటర్ ట్యాంకు అతుకు వద్ద ఆ పొక్కు కోసం వెతకాలి. కొన్ని క్లిప్పులు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కారుతాయి, వేడెక్కితే పైపు ఉబ్బి లీకేజీ ఆగిపోతుంది. చేతిపంపుతో చల్లని ఇంజిన్‌లోకి ఒత్తిడి ఎక్కించి చూసే పరికరం అలాంటి దొంగ లీకేజీని పట్టిస్తుంది. నీటి పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోయినప్పుడు కూలెంట్ బేరింగులోకి వెళ్లకుండా బయటికి రావడానికే దాన్ని పెట్టారు. ఆ రంధ్రాన్ని ఏదో ముద్దతో పూడ్చడం రోగాన్ని దాచడమే, పంపు మార్చాలి. లీక్ ఆపుతాయంటూ రేడియేటర్‌లో పోసే ద్రావణాలు సన్నని గొట్టాలను కూడా మూసేయగలవు.

బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. ఆగకుండా వచ్చే తెల్లపొగ, రేడియేటర్‌లో బుడగలు, డిప్‌స్టిక్‌పై పాలమీగడ లాంటి ఆయిల్ దాని గుర్తులు. చలికాలంలో తక్కువ దూరాలే తిరిగే కార్లలో ఆయిల్ మూత లోపల కొద్దిగా మీగడ చేరడం మామూలే. దాన్నొక్కదాన్ని చూసి హెడ్డు దించరాదు.

ఆగకుండా చూడాల్సినవి రెండు

ఆయిల్ చుక్కకు నెల గడువివ్వవచ్చు. బ్రేక్ ఆయిల్‌కు, పెట్రోల్‌కు ఒక్క రోజు కూడా ఇవ్వకూడదు. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ మట్టం మెల్లగా దిగడం సహజం. వారంలోనే దిగితే లీకేజీ ఉన్నట్టే. మాస్టర్ సిలిండర్ వెనుక సీలు పోతే ఆయిల్ బూస్టర్ లోపలికి పోతుంది, బయట ఒక్క చుక్కా కనిపించదు. ఆ రెండూ కలిసే చోట కింద పెయింట్ ఊడి ఉంటే అదే సాక్ష్యం. అటువంటి కారును షెడ్డుకు నడుపుకుంటూ తీసుకెళ్లకూడదు, తోయించుకుని తీసుకెళ్లాలి.

పెట్రోల్ వాసన వస్తే ఇంజిన్ స్టార్టు చేయకుండా పంపు, కార్బ్యురేటర్ వద్ద రబ్బరు గొట్టాలను వేలితో వంచి పగుళ్లు చూడాలి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు తగిన గొట్టాలు, గాస్కెట్లు 2023 ఏప్రిల్ తర్వాతి కార్లలో తప్పనిసరిగా వస్తున్నాయి. అంతకు ముందటి కొన్ని కార్లలో రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖ కూడా 2025లో అంగీకరించింది. కార్బ్యురేటర్ కాలపు కార్లలో ఈ గొట్టాలను పగిలేదాకా వేచి చూడకుండా, ఇంధనానికి తగిన రకంతో మార్చుకోవడం మేలు. కూలెంట్‌కు వాడే సాధారణ రబ్బరు గొట్టం ముక్కను పెట్రోల్ పైపు స్థానంలో అమర్చడం కొన్ని షెడ్లలో కనిపిస్తుంది. అది కొద్ది నెలల్లోనే మెత్తబడి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎర్రగా కాలుతున్న సమయంలోనే పగలవచ్చు.