రెసిన్‌లో బుడగ, అక్షరంపై నుక్తా

హుస్సేనీ ఆలంలో మా దగ్గర ఉర్దూ చదువుకున్న ఒక అమ్మాయి, తాను తయారుచేసిన ఇంటి పేరు పలకను ఆ మధ్య మాకు చూపించింది. నల్లని చెక్కపై బంగారు రంగు ఉర్దూ అక్షరాలు, పైన అద్దంలా మెరిసే ఎపాక్సీ రెసిన్. ఆమె రాసింది 'రహ్మత్ మంజిల్'. మేము చదివింది 'జహ్మత్ మంజిల్'! 'రే' అక్షరంపై నిలిచిపోయిన గాలి బుడగ నుక్తాలా కనబడి దాన్ని 'జే'గా మార్చేసింది. కారుణ్యం కాస్తా కష్టమైపోయింది. పలక చేయించుకున్నవారు తీసుకోలేదు. శ్రమ, ఖర్చు ఆ పిల్లమీదే పడ్డాయి.

మన పక్కనున్న లాడ్ బజార్‌లో లక్కను వేడికి మెత్తబరచి గాజులు చేస్తారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. లక్క గట్టిపడినా వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఎపాక్సీ అలా కాదు. రెసిన్, హార్డెనర్ కలిసి ఒకసారి గట్టిపడితే తిరిగి కరగదు. కనుక బుడగను ముందే నివారించాలి.

బుడగలు ఎందుకొస్తాయి? చలికి రెసిన్ చిక్కబడితే లోపలి గాలి పైకి రాలేదు. మూత బిగించిన రెసిన్ సీసాను కాసేపు గోరువెచ్చని నీటిలో ఉంచి, తడి పూర్తిగా తుడిచి వాడాలి. నీటిచుక్క లోపల పడకూడదు. రెండు ద్రవాలను డబ్బాపై రాసిన కొలత ప్రకారమే తీసుకోవాలి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే పని చెడుతుంది. గుడ్డు గిలక్కొట్టినట్టు కాక, గిన్నె అంచులు, అడుగు గీకుతూ నిదానంగా కలపాలి.

చెక్క, కాగితం, ఎండిన పూలు తమలో గాలిని దాచుకుంటాయి. వాటికి ముందుగా పలుచని రెసిన్ పూత వేసి ఆరనివ్వాలి. తర్వాత తక్కువ ఎత్తునుంచి సన్నని ధారగా పోయాలి. మందంగా కావాలంటే డబ్బాపై చెప్పిన మందం మించకుండా పొరలు పొరలుగా పోయాలి. పైకి తేలిన బుడగలపై వేడిగాలి యంత్రాన్ని ఒకేచోట ఆపకుండా కదిలిస్తే అవి పగిలిపోతాయి. మిగిలినవాటిని సూదితో తీయవచ్చు.

గట్టిపడని రెసిన్ తగిలితే చర్మానికి ఎలర్జీ రావచ్చు. చేతితొడుగులు వేసుకోండి, కిటికీలు తెరవండి, పిల్లలను దూరంగా ఉంచండి. మామూలు గుడ్డ మాస్కు ఆవిరిని ఆపలేదు.

చివరగా మా మనవి ఒక్కటే. పోత తడిగా ఉండగానే దీపం వెలుగులో ప్రతి అక్షరాన్నీ చదవండి, ఉర్దూ తెలిసిన మరొకరిచేత చదివించండి. దైవవాక్యం రాసిన ఫ్రేమైతే మరింత జాగ్రత్త అవసరం. ఆ అమ్మాయి రెండో పలకను అలాగే చేసింది. ఈసారి దానిపై ఉన్నవి ఆమె పెట్టిన నుక్తాలే.