పేగుపూతకు ఎనిమిదేళ్లు నిండితే పరీక్ష తప్పనిసరి
రక్తం ఆగినా ముప్పు తొలగినట్లు కాదు

తెనాలి, బాపట్ల, రేపల్లె: మలంలో రక్తం పడగానే మొలలని భావించి ఏళ్ల తరబడి సొంత వైద్యంతో నెట్టుకురావడం పల్లెల్లో పరిపాటి. జిగట విరేచనాలైతే మందుల దుకాణంలో మాత్రలు కొని సరిపెట్టుకుంటారు. వీటి మాటున కొందరిలో పేగుపూత వ్యాధి దాగి ఉంటుంది. దీర్ఘకాలం నిర్లక్ష్యం చేస్తే అది పెద్దపేగు క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదం ఉంది. సకాలంలో పరీక్షలు చేయించుకుంటే ఈ ముప్పును చాలావరకు నివారించవచ్చు.

రెండు రకాలు
పేగుల్లో దీర్ఘకాలిక వాపు కలిగించే వ్యాధులు ప్రధానంగా రెండు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరను పుండ్లు పడేలా చేస్తుంది. క్రోన్స్ వ్యాధి జీర్ణనాళంలో ఎక్కడైనా రావచ్చు. పేగుల క్షయ లక్షణాలు క్రోన్స్‌ను పోలి ఉండడంతో మన దేశంలో రోగ నిర్ధారణ ఆలస్యమవుతూ ఉంటుంది. ఇవి పట్టణవాసుల జబ్బులన్న అపోహ ఉంది. అయితే జీర్ణకోశ సమస్యలతో వచ్చినవారిని పరిశీలించి హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2023లో వెల్లడించిన అధ్యయనంలో పట్టణాల్లోనూ, పల్లెల్లోనూ వీటి శాతం దాదాపు సమానంగా తేలింది.

క్యాన్సర్ ఎందుకు?
పుండు పడిన చోట కొత్త కణాలు పుట్టి పూడుస్తాయి. వాపు ఏళ్ల తరబడి కొనసాగితే ఈ ప్రక్రియ పదేపదే జరిగి కణాల్లో లోపాలు పేరుకుంటాయి. అవే క్రమంగా క్యాన్సర్‌గా మారవచ్చు. 2001లో వెలువడిన అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం అల్సరేటివ్ కొలైటిస్ మొదలైన పదేళ్లకు నూటికి ఇద్దరిలో, ఇరవై ఏళ్లకు 8 మందిలో, ముప్పై ఏళ్లకు 18 మందిలో క్యాన్సర్ కనిపించింది. 2013 నాటి మరో విశ్లేషణలో ఈ ముప్పు పదేళ్లకు 1 శాతం, ఇరవై ఏళ్లకు 2 శాతం, ఆపై 5 శాతంగా తేలింది. మెరుగైన మందులు, క్రమం తప్పని పరీక్షలే ఈ తగ్గుదలకు కారణాలని నిపుణుల అభిప్రాయం.

ఎవరికి ఎక్కువ?
పెద్దపేగు మొత్తానికి వ్యాధి వ్యాపించినవారు, వాపు అదుపులో లేనివారు, పేగు ఇరుకైనవారు, రక్తసంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవారు అప్రమత్తంగా ఉండాలి. కాలేయంలోని పైత్యరస నాళాలు గట్టిపడే పీఎస్‌సీ వ్యాధి కూడా ఉన్నవారికి ముప్పు మరింత అధికం. వీరు పేగు వ్యాధి బయటపడిన వెంటనే మొదలుపెట్టి ఏటా పరీక్ష చేయించుకోవాలి. వ్యాధి పురీషనాళానికే పరిమితమైనవారికి అదనపు ముప్పు దాదాపు లేదు. క్రోన్స్ వ్యాధి పెద్దపేగును విస్తారంగా తాకితే అల్సరేటివ్ కొలైటిస్‌తో సమానమైన జాగ్రత్త అవసరం.

లెక్క ఎప్పటి నుంచి?
లక్షణాలు మొదలైన ఎనిమిదేళ్లకు కొలనోస్కోపీ చేయించుకోవాలి. వ్యాధి పేరు తెలిసిన రోజు నుంచి కాదు, తొలిసారి రక్తం పడిన నాటి నుంచే ఈ లెక్క వేయాలి. మొలల మందులతో అయిదేళ్లు గడిపినవారికి ఆ అయిదేళ్లూ లెక్కలోకి వస్తాయి. ఆ తర్వాత ముప్పు స్థాయిని బట్టి ఏడాదికి, మూడేళ్లకు లేదా అయిదేళ్లకు ఒకసారి పరీక్ష ఉంటుంది. సాధారణంగా ఇరవై, ముప్పై ఏళ్ల వయసులో మొదలయ్యే వ్యాధి కావడంతో చిన్న వయసేనని ఉపేక్షించరాదు.

క్యాన్సర్ వచ్చినా కనిపించేవి రక్తం, విరేచనాలు, కడుపునొప్పే. పాత జబ్బు తిరగబెట్టిందని పొరబడే అవకాశం ఉన్నందున లక్షణాలను బట్టి గుర్తించడం కష్టం. పైగా ఈ మార్పులు కణితిలా ఉబ్బకుండా పొరలోనే చదునుగా ఉండవచ్చు. అందుకే వ్యాధి అణిగి ఉన్న సమయంలో పేగును శుభ్రపరచి, రంగుద్రవం చల్లి పరిశీలిస్తారు. అనుమానమున్న చోట్ల ముక్క తీసి పరీక్షకు పంపుతారు. తొలిదశ మార్పులను చాలామందిలో గొట్టం ద్వారానే తొలగించవచ్చు. కొందరికి పెద్దపేగును తీసివేయాల్సి వస్తుంది.

మందులు ఆపవద్దు
రక్తం ఆగగానే మందులు మానేయడం ప్రధాన పొరపాటు. వాపును అదుపులో ఉంచడమే క్యాన్సర్ నివారణకు తొలిమెట్టు. అజాథయోప్రిన్ వాడేవారిలో లింఫోమా, చర్మ క్యాన్సర్ల ముప్పు స్వల్పంగా పెరుగుతుంది. అంతమాత్రాన సొంతంగా ఆపరాదు. వైద్యుడితో చర్చించి నిర్ణయం తీసుకోవాలి.

మూడు పట్టణాల పరిసర గ్రామాలవారు గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో నిపుణులను సంప్రదించవచ్చు. వెళ్లేటప్పుడు పాత చీటీలు, ముక్క పరీక్ష నివేదికలు వెంట తీసుకెళ్లాలి. తొలిసారి రక్తం కనిపించిన సంవత్సరాన్ని గుర్తుచేసుకుని తప్పక చెప్పాలి. తదుపరి పరీక్ష ఎప్పుడన్నది ఆ ఒక్క వివరంపైనే చాలావరకు ఆధారపడి ఉంటుంది.