ఆ ఓటముల్లో మీవి ఎన్ని?

నాంపల్లి ఎం.జె. రోడ్డులో ప్రతిభా భవన్ ముందు నుంచి గ్రూప్స్‌కు చదివే పిల్లలెవరూ మామూలుగా నడిచిపోలేరు. ఒక్క క్షణమైనా గేటు వైపు చూస్తారు. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉన్నది అందులోనే. దరఖాస్తులో దొర్లిన తప్పు దిద్దించుకోవడానికి ఒకరు వస్తారు, సర్టిఫికెట్ల పరిశీలనకు ఇంకొకరు. ఫలితాలు ఎప్పుడని అడగడానికి వచ్చేవాళ్లు, అడిగి అడిగి విసిగి ధర్నాకు వచ్చేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లలో చాలామంది సొంతూరికి వెళ్లడం తగ్గించుకున్నవాళ్లే. ఎందుకని అడిగితే చెప్పే కారణం దాదాపు ఒకటే: 'పోతే అందరూ అడుగుతరు.'

ఏమడుగుతారో తెలియనిది ఎవరికి? 'ఇంకా ఎన్నేండ్లు చదువుతవ్ బిడ్డా?'

ఆ ప్రశ్నకు జవాబు ఆ బిడ్డ చేతుల్లో ఎంతవరకు ఉందో చూడండి. తెలంగాణ వచ్చింది 2014 జూన్‌లో. తొలి గ్రూప్‌-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులకు. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాలు కమిషన్ కార్యాలయం నుంచే బయటికి పోయాయని తేలడంతో 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. బయోమెట్రిక్ హాజరు తీసుకోకపోవడం వంటి లోపాలు చూపి సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే ఎత్తేసి, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. 2025 సెప్టెంబరు 9న హైకోర్టు సింగిల్ జడ్జి ర్యాంకుల జాబితాను కొట్టేశారు. అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ తీర్పుపై స్టే ఇచ్చింది, ఎంపికైనవారికి నియామక పత్రాలు అందాయి.

రాష్ట్రం వచ్చిన ఏడు ఇరవై రెండేళ్ల వయసులో డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయికి అప్పటికి ముప్పై మూడేళ్లు.

నన్ను బాగా కలవరపెట్టేది ఈ జాప్యం ఒక్కటే అయితే ఈ వ్యాసం వేరేగా ఉండేది. ఆ జాప్యం మనసులోకి దిగి ఏమవుతుందన్నది అసలు బాధ. ప్రశ్నపత్రం లీకైతే తప్పు లీక్ చేసినవాడిది. హాజరు సరిగా తీసుకోకపోతే తప్పు తీసుకోనివాళ్లది. కానీ అదే సిలబస్‌ను మూడోసారి తెరిచిన అభ్యర్థి అలా అనుకోవడం లేదు. 'నాకే రాసిపెట్టి లేదు' అనుకుంటుంది. ఇంకో ఏడాదికి ఆ మాట 'నాకు అంత తెలివి లేదు'గా మారుతుంది. కార్యాలయంలో జరిగిన తప్పు హాస్టల్ గదిలో పడుకున్న మనిషి తప్పుగా నమోదైపోతుంది. ఈ బదిలీని ఎవరూ గమనించరు, ఆ అమ్మాయి కూడా.

అందుకే నైరాశ్యంలో ఉన్నవాళ్లకు 'పాజిటివ్‌గా ఆలోచించు' అని చెప్పడం నాకు నచ్చదు. ముందు ఎవరి తప్పు ఎవరి పేరిట ఉందో సరిచూసుకోవాలి. రద్దయిన పరీక్ష మీ ఓటమి కాదు, దాన్ని అటెంప్టుల లెక్కలోంచి తీసేయండి. ఇక పోటీ వల్ల పోయిన అవకాశం సంగతి. 2024 నోటిఫికేషన్‌కు 4 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే ఏడు వందల మందికి ఒక్క ఉద్యోగం కూడా లేదు. మిగిలినవాళ్లందరూ పనికిరానివాళ్లని ఆ అంకె చెప్పదు, కుర్చీలు తక్కువని మాత్రమే చెబుతుంది. ఈ రెండూ పక్కనపెట్టాక మిగిలేది మీది. ఎకానమీ పేపర్‌లో పడిపోతున్న మార్కులు, సమయం చాలక వదిలేసిన చివరి ప్రశ్న, ఫోన్‌కు పోయిన మధ్యాహ్నాలు. ఇది చిన్న జాబితా. చిన్నది కాబట్టే దాని మీద పనిచేయడం సాధ్యమవుతుంది.

మెట్‌పల్లి ప్రాంతం నుంచి వచ్చిన దురిశెట్టి అనుదీప్ 2017 సివిల్స్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించారని అందరికీ తెలుసు. అది ఆయనకు ఐదో ప్రయత్నమని కొందరికే గుర్తుంటుంది. 2013 పరీక్షతో ఐఆర్‌ఎస్ వచ్చింది. కోరుకున్న ఐఏఎస్ మాత్రం అందలేదు. ఉద్యోగం చేస్తూనే మళ్లీ మళ్లీ రాశారు. మొదటి ర్యాంకు వచ్చిన ఏడు ఆయనకు వచ్చిన మార్కులు 2025కు 1126, అంటే 55.6 శాతం. దేశంలో మొదట నిలిచిన మనిషే దాదాపు 900 మార్కులు పోగొట్టుకున్నారు. అంతా వస్తేనే రాయాలి, పూర్తిగా సిద్ధమయ్యాకే కూర్చోవాలి అనుకునేవాళ్లు ఈ అంకెను గోడ మీద రాసుకోవాలి. అనుదీప్ తర్వాత హైదరాబాద్ జిల్లా కలెక్టరుగా కూడా పనిచేశారు.

ఆత్మవిశ్వాసం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నపై ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ప్రసిద్ధమైన సిద్ధాంతం ప్రకటించారు. మనవంటివాళ్లు గెలవడం చూస్తే కొంత వస్తుంది, ఎవరైనా భుజం తడితే కొంత వస్తుంది. కానీ అన్నింటికన్నా గట్టిది స్వయంగా ఒక పని చేసి నెగ్గడం వల్ల వచ్చేదేనని ఆయన చెప్పారు. అబిడ్స్‌లో ఆదివారం మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల దగ్గర నాకు ఈ మాట గుర్తొస్తుంది. విజయ రహస్యాలు చెప్పే పుస్తకాలు అక్కడ కుప్పలుగా దొరుకుతాయి. వాటి పక్కనే పెన్సిల్ గీతలు పడ్డ గైడ్లు, పాత ప్రశ్నపత్రాల సంపుటాలు ఉంటాయి. అధైర్యంగా ఉన్నవాళ్లు రెండో కుప్ప నుంచి కొనుక్కోవాలంటాను. ఒక పాత పేపరు గడియారం పెట్టుకుని రాసి, దిద్దుకుని, వారం తర్వాత మళ్లీ రాస్తే పెరిగిన నాలుగు మార్కులు ఇచ్చే ధైర్యం ఏ ప్రసంగమూ ఇవ్వదు.

ఇదే అబిడ్స్‌లో, 1918లో పుట్టిన రెడ్డి హాస్టల్ ఉంది. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూసేవారు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో అధికార భాష ఉర్దూ. తెలుగులో చదవడం, రాయడం తక్కువగా చూసే కాలం. తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు రాసినప్పుడు ఆ మాట ఇక్కడివాళ్లను లోపల ఎంత కోసి ఉంటుందో ఊహించవచ్చు. పదిమంది అన్న మాటను నెమ్మదిగా మనమే నమ్మడం మొదలుపెడతాం కదా. ప్రతాపరెడ్డి కోప్పడి ఒక సంపాదకీయంతో సరిపెట్టుకోలేదు. ఊళ్లలో ఉన్న కవుల నుంచి పద్యాలు, వివరాలు రాబట్టి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. ఆ తర్వాత ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయన రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కే 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగులో ఆ పురస్కారం అందుకున్న తొలి పుస్తకం అది. అప్పటికి ఆయన కన్నుమూసి రెండేళ్లయింది.

'నీవల్ల కాదు' అన్నది ఒక ఆరోపణ. దానికి సాక్ష్యాలతో జవాబివ్వాలని సురవరం చూపించారు. మీకు మీరే ఆ ఆరోపణ చేసుకుంటున్నా పద్ధతి అదే. పూర్తిచేసిన అధ్యాయాలు, దిద్దించుకున్న జవాబులు, పెరిగిన మార్కులు తేదీలతో రాసి పెట్టుకోండి. మనసు కుంగిన రాత్రి దానితో వాదించడానికి ఆ నోటుపుస్తకం కావాలి.

ఒక మాట మాత్రం దాచకూడదు. పట్టుదల అంటే జీవితమంతా ఒకే గేటు ముందు నిలబడటం అని నేను అనుకోను. ఎన్ని ప్రయత్నాలు, ఏ వయసు వరకు అన్నది ముందే తేల్చుకోవాలి. ఈలోగా చేతికి ఒక ఉద్యోగం ఉండాలి. అనుదీప్‌కు ఐదో ప్రయత్నం చేసే వీలు కలగడంలో నెలనెలా వచ్చిన జీతం పాత్ర కూడా ఉంది. గడువు పెట్టుకుని, ఆ గడువుకు వేరే దారి పట్టినవాళ్లు ఓడిపోయినవాళ్లు కారు. తమ జీవితం గురించి తామే నిర్ణయం తీసుకున్నవాళ్లు.

ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి పండక్కి వచ్చిన బిడ్డను ఉద్యోగం ఎప్పుడని అడగకండి. ఏం చదువుతున్నావో చెప్పమనండి, అర్థం కాకపోయినా వినండి. చుట్టాల ముందు పోలిక తేకండి. రెండు రోజులుగా తిండి సరిగా తినడం లేదని, ఫోన్ ఎత్తడం లేదని, 'నేను ఉండి ఏం లాభం' వంటి మాట వచ్చిందని తెలిస్తే అది బద్ధకమో నాటకమో అనుకోకండి. వెంటనే వెళ్లి పక్కన కూర్చోండి. టెలీ మానస్ నంబరు 14416. ప్రభుత్వం నడిపే ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మీ ఫోన్‌లోనూ మీ బిడ్డ ఫోన్‌లోనూ ఈ రోజే దాచి పెట్టండి.