ఓడగది బేరము

అనంతగిరిపై కురిసిన వాన రెండు దారుల సముద్రము చేరును. మూసీయై తూర్పునకు పోయి వాడపల్లికడ కృష్ణలో కలియును. కాగ్నాయై తాండూరు ప్రక్కగా పడమటికి పోయి, భీమానదిద్వారా మరల ఆ కృష్ణనే చేరును. వికారాబాదు సీమకు సముద్రముతో నున్న పాత చుట్టఱికము దాదాపుగా ఇంతమాత్రమే. 1874లో వాడినుండి సికిందరాబాదునకు నిజాము రైలుమార్గము పడిన పిదపగూడ, హజ్జుయాత్రకు పోవు ముస్లిము సోదరులు దక్క, ఇచ్చటివారిలో ఓడ యెక్కినవా రరుదు. ఇప్పుడు కాల మట్లు లేదు. 2024 అక్టోబరులో పూడూరు మండలమందలి దామగుండమున, నడిసముద్రమందలి నౌకలతోను జలాంతర్గాములతోను సంభాషించుటకై నౌకాదళమువారు తలపెట్టిన రేడియో కేంద్రమునకు శంకుస్థాపన జరిగెను. దానివలన అడవికి కలుగు నష్టమునుగుఱించిన వాదము వేఱు. దాని నిచ్చట ఎత్తుకొనము. సముద్రము మన మెట్టసీమ వాకిటికి వచ్చినదని చెప్పుటయే మా యుద్దేశము.

మనవారును సముద్రమునకు పోవుచున్నారు. కార్డీలియా కంపెనీవారి ఎంప్రెస్ అను విహారనౌక 2021 సెప్టెంబరున ముంబయినుండి యాత్రలు మొదలిడెను. 2022 జూనున చెన్నపట్టణమునుండి విశాఖపట్టణమునకును వచ్చెను. తాండూరున సాయంకాలము రైలెక్కినవారు మఱునాటి యుదయమునకు ముంబయిలో నుందురు గనుక, ఓడరేవు వారికి మిక్కిలి దూరమును కాదు. ఇదిగాక, హ్యూస్టనులోను డల్లాసులోను ఉద్యోగములు చేయు బిడ్డలు తల్లిదండ్రులను పిలిపించుకొని, గాల్వెస్టను రేవునుండియో ఫ్లోరిడానుండియో బయలుదేరు మహానౌకలపై త్రిప్పి పంపుట పరిపాటి యగుచున్నది. కందిపంట సొమ్ముతో పోవువారికిని, బిడ్డల సొమ్ముతో పోవువారికిని ఎదురగు ప్రశ్న యొక్కటే: ఏ గది తీసికొనవలెను?

ఓడగదులు మెట్లు మెట్లుగా నుండును. కిటికీ లేని లోపలిగది మొదటి మెట్టు. కిటికీ గల గది రెండవది. బాల్కనీగది మూడవది. ఆపైన మినీ సూట్. దానిపైన నిజమైన సూట్. ఈ నాలుగవ మెట్టుకడ మనవారి కాలు తఱచు నిలుచుచున్నది. దీనికి కారణ మూహింపలేనిది కాదు. దాని ధర పెద్ద సూటుకంటె తక్కువ. దాని పేరు బాల్కనీగదికంటె గొప్ప. ఊరికి తిరిగివచ్చి చెప్పుకొనుటకును బాగుండును. సూట్ అని మనము వ్రాయు మాటను స్వీట్ అని పలుకవలెనట. ఆ పలుకుబడియందే కొంత మిఠాయి రుచి యున్నది కాబోలు.

అయితే, రైలులో తరగతి పేరు చెప్పినచో సరకేదో తెలియును. సెకండ్ ఏసీ యన్న తాండూరు దాటిన పిదపను, కాశీలోను నించుమించుగా నదే పడక. ఓడలలో నట్లు గాదు. ఏ పేరు దేనికి పెట్టవలెనో శాసించు అధికారి యెవడును లేడు. ఏ కంపెనీకి తోచిన పేరు ఆ కంపెనీ పెట్టుకొనును. ప్రిన్సెస్ కంపెనీవారి గ్రాండ్ తరగతి ఓడలలో మినీ సూట్ అనగా, బాల్కనీతో కలిపి సుమారు 320 చదరపుటడుగుల గది. అందొక సోఫా, స్నానపు తొట్టి. నార్వీజియన్ కంపెనీవా రదే పేరును మామూలు బాల్కనీగదికంటె కొంచెము పెద్దదగు గదికి పెట్టి, కొన్ని సంవత్సరములకు దానిని మార్చి క్లబ్ బాల్కనీ సూట్ అనిరి. పేరు పెరిగినంతమాత్రమున గోడలు వెనుకకు జరుగవు.

తాండూరు నాపరాయి బేరమాడువాడు ‘మంచి రాయి’ యను మాటకు రూపాయి యీయడు. ఎన్ని చదరపుటడుగులు, ఎంత మందము, నునుపు చేసినదా లేదా యని యడిగి, చేతితో తట్టి చూచి, అప్పుడు నోరు విప్పును. ఇంటిముందు బండలు పఱపించుటకు చూపు ఈ జాగ్రత్తను, అంతకంటె నెక్కువ సొమ్ము వ్యయమగు ఓడగది విషయమున ఏల విడువవలెను? గది యెన్ని యడుగులు? ఆ లెక్కలో బాల్కనీ చేరినదా? ఈ రెండు ప్రశ్నలు తిన్నగా అడిగినయెడల, ఏజెంటుగారి రంగుబొమ్మల పుస్తకములో సగము తేజము తగ్గిపోవును.

సూట్ అనగానే హోటలులోవలె ముందు హాలు, వెనుక పడకగది యుండునని మనవారు తలంచుచున్నారు. మినీ సూట్ సాధారణముగా ఒక్కటే గది. ఒక కొసను మంచములు, మఱొక కొసను సోఫా. నడుమ నొక తెర యుండిన నుండవచ్చును. నలుగురికి సరిపోవునని వ్రాసియున్నచో, ఇద్దరికి మంచములు, ఒకరికి సోఫాపై పడక, మఱొకరికి గోడనుండియో కప్పునుండియో దింపెడు పడక యని యర్థము. ముసలి తల్లిదండ్రులు, కొడుకు, కోడలు కలిసి పోవుచున్నారనుకొందము. రాత్రి అత్తగారి మంచమున కారడుగుల దూరమున కోడలు పరుండవలెను. తెల్లవారినంతనే నలుగురును ఒక్క స్నానపుగది తలుపుకడ నిలువవలెను. అదే సొమ్ముతో, నడుమ తలుపు గల రెండు సామాన్యపు గదులు దొరకుట కలదు. రెండు స్నానపుగదులు, రెండు తాళములు, కావలసినప్పుడు మూసికొనదగిన తలుపు. మా మాట నడిగినచో, పేరులేని ఆ జంటగదులకే మేము మొగ్గుదుము.

స్నానపు తొట్టి యున్న దనుటను గొప్పగా చెప్పుదురు. మోకాళ్ల నొప్పులు గల పెద్దమ్మ ఆ తొట్టి యంచును దాటి లోనికి కాలుపెట్టవలెను, ఓడ ఊగుచున్నప్పుడుగూడ. నేలపై నిలిచి స్నానము చేయు చిన్నగదియే యామెకు మేలు. బాల్కనీకి పోవు తలుపుకడను అనేక నౌకలలో ఎత్తైన గడప యుండును. ఈ సంగతులను ముందే అడిగినవారు తక్కువ.

ఇక చోటు సంగతి. గది యెంత పెద్దదో తెలిసికొనుటకంటె, అది ఓడలో నెక్కడ నున్నదో తెలిసికొనుటయే ముఖ్యమని మా నమ్మకము. బండిలో ఇరుసుపైన కూర్చున్నవానికి గతుకులు తక్కువ, కొసను కూర్చున్నవానికి నడుము విఱుగును. ఓడయు నంతే. నడిమిభాగమున, క్రింది డెక్కులలో ఊపు స్వల్పము; ముక్కుకడను, తోకకడను, మీది యంతస్తులలోను హెచ్చు. మినీ సూట్లో, తఱచు మీది యంతస్తులలోనే యుండును! ఎక్కువ రొక్కము చెల్లించి ఎక్కువ ఊగుట యన్నమాట. తలత్రిప్పుట, వాంతులు గలవారు దీనిని మఱువరాదు. ఈతకొలను డెక్కు క్రింద నున్న గదిలో తెల్లవారుజామున కుర్చీల నీడ్చెడు చప్పుడు. నాటకశాలపై గదిలో నడిరాత్రివఱకు వాద్యముల మ్రోత. ముందుభాగమున లంగరు గొలుసుల గణగణ. డెక్కు పటము తెప్పించుకొని, గదికి పైనను, క్రిందను నేమున్నదో చూడవలెను. పైనను క్రిందను పడకగదులే యుండిన గది యుత్తమము.

బాల్కనీ యన్నంతనే సముద్రము కనబడునని తలంచుటయు ప్రమాదమే. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ద సీస్ మొదలుగా గల రాయల్ కరీబియన్ వారి మహానౌకలలో, ఓడ నడుమ గల తోటవైపు తెఱచుకొను బాల్కనీలు గలవు. అందు కూర్చున్నవానికి కనబడునవి చెట్లు, ఎదురింటివారి బాల్కనీలు, సముద్రము గాదు. గ్రాండ్ ప్రిన్సెస్ నౌకలో డాల్ఫిన్ డెక్కునందలి మినీ సూట్లకు బాల్కనీ విశాలమైనదే గాని, పైన కప్పు లేదు. మీది యంతస్తులవా రందఱును తొంగి చూడవచ్చును. ఎండకు నీడ లేదు, వానకు మఱుగు లేదు, మాటకు గుట్టు లేదు. మన యిండ్లలో పెరటిగోడ యెత్తుగా కట్టుకొను ఆడువారికి ఇది యెట్లుండునో వేఱుగ చెప్పవలెనా?

ఒకనాటి మాట తలంపునకు వచ్చుచున్నది. కోస్తా రేవులనుండి రంగూనునకు పోయిన తెనుగు కూలీలు డెక్కు ప్రయాణికులు. వారికి గది లేదు; ఉన్నదెల్ల గాలి, ఎండ, ఉప్పునీటి తుంపర. డబ్బు గలవారు గదులలో దాగిరి. 1931 ఆగస్టు 29వ తేదీన గాంధీగారు రౌండు టేబిలు సభకై బొంబాయిలో రాజపుటానా ఓడనెక్కినప్పుడు రెండవ తరగతి టిక్కెట్టు తీసికొని, ప్రొద్దులో నెక్కువ భాగము డెక్కుపైననే గడపిరి. నేడు కంపెనీలు హెచ్చు ధరకు అమ్ముచున్నది ఆ గాలినే, నాలుగు గజముల బాల్కనీలో కొలిచి. తమాషా యేమనగా, లోపలిగది తీసికొన్నవానికిని పైడెక్కు తెఱచియే యుండును. అచ్చటి గాలికి వేఱు రుసుము లేదు.

కావున దినముల లెక్క చూడవలెను. రెండు రాత్రుల యాత్రలో మధ్యాహ్నము ఎక్కి, నడుమ నొక పూర్తిదినము గడపి, మూడవనాటి యుదయమున దిగుదురు. ఆ యొక్క దినమున భోజనము, ఆటపాటలు, ఓడ చూచుట పోగా బాల్కనీలో కూర్చుండునది రెండు మూడు గంటలు. రెండు గదుల ధరలలో తేడాను ఆ గంటలచే భాగించిన, గంటకెంత పడునో తెలియును. లెక్క వేయునప్పుడు మఱువరానిది: ప్రకటించు ధర సాధారణముగా మనిషి కింత యని, గదిలో ఇద్దరుందురను లెక్కపై. ఒంటరిగా పోవువాడు రెండవవాని వంతులో చాల భాగము తానే చెల్లింపవలసి వచ్చును. పరిచారకుల బహుమానము దినమున కింత యని పెక్కు ఓడలలో వేఱుగ పడును.

ఇంతచెప్పినందున మినీ సూట్ వలదని మా వాదము గాదు. ఏడెనిమిది రాత్రుల యాత్రయై, ఇంటి పెద్ద నడువలేక దినములో నెక్కువ భాగము గదిలోనే గడపవలసినవారైనచో, ఆ సోఫాయు, ఆ బాల్కనీయు వారికి ఓడయంతటితో సమానము. అట్టివారికొఱకు పెట్టిన రూపాయి వృథా గాదు. నడిభాగమున, లిఫ్టునకు మరీ ఆనుకొనక మరీ దూరము గాక, కప్పు గల బాల్కనీతో నున్నది చూచి తీసికొనవలెను. స్నానపు తొట్టి లేని గది యున్నదేమో యడుగవలెను.

కొన్ని కంపెనీలు, తరగతి మీది, గది మాది యను షరతుతో తక్కువ ధర కిచ్చును. గది నంబరు పిదప వారే నిర్ణయింతురు. పడుచువారికి ఆ బేరము లాభమే. ముసలివారితో పోవువారు మాత్రము నంబరు చేతికి రానిదే సొమ్ము కట్టరాదు. నంబరు వచ్చిన పిదప, డెక్కు పటముపై దానిని వ్రేలితో చూపించి, ప్రాణరక్షణ పడవలు ఆ కిటికీకి అడ్డముగా వ్రేలాడుచున్నవేమో యేజెంటు నడుగవలెను. ఆ జవాబును వ్రాతమూలముగ పుచ్చుకొనవలెను.