Dust Camera: ఫొటో తీస్తే చాలు.. గాల్లో దుమ్మెంతో తెలిసిపోతుంది! పశువుల ఫారాల్లో కొత్త లెక్క

గాల్లో దుమ్ము ఎంతుందో కొలవాలంటే లక్షల ఖరీదు చేసే యంత్రాలే కావాలా? మామూలు డిజిటల్ కెమెరా, నలుపు తెలుపు రంగులేసిన రెండు బోర్డులు ఉంటే పని జరుగుతుందా? అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ శాస్త్రవేత్తలు పట్టుకున్న దారి ఇదే. అసలు ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చూద్దాం.

సాయంత్రమైతే దుమ్మే దుమ్ము

టెక్సాస్ ఉత్తర భాగంలోని అమరిల్లో చుట్టుపక్కల వేల సంఖ్యలో పశువులను ఒకేచోట మేపే ఫీడ్‌యార్డులు ఉన్నాయి. అక్కడ వానలు తక్కువ. నేల మీద పడిన పేడ ఎండిపోతుంది, గిట్టల కింద నలిగి పొడిగా మారుతుంది. పగలంతా ఎండకు కదలకుండా ఉన్న పశువులు సాయంత్రం చల్లబడగానే లేచి తిరుగుతాయి, పరుగులు పెడతాయి. సరిగ్గా అదే సమయానికి గాలి వేగం తగ్గుతుంది. దాంతో లేచిన దుమ్ము పైకి పోకుండా నేలకు దగ్గరగానే పరుచుకుంటుంది. పక్కనే హైవే ఉంటే ఎదురుగా వచ్చే వాహనం కూడా సరిగా కనిపించదు. అక్కడ పనిచేసేవాళ్లు, దగ్గర్లో ఉండేవాళ్లు పీల్చేది ఆ గాలినే.

కెమెరా ఎలా కొలుస్తుంది?

సూత్రం చాలా సింపుల్. దుమ్ము ఉన్నప్పుడు దూరంగా ఉన్న కొండ మసకగా కనిపిస్తుంది కదా.. అదే ఇక్కడ లెక్క. సగం నలుపు, సగం తెలుపు ఉన్న ఒక బోర్డును కెమెరాకు దగ్గర్లో, అలాంటిదే మరొకటి దూరంగా పెడతారు. రెండూ ఒకే ఫొటోలో పడాలి. మధ్యలో దుమ్ము ఉంటే దూరపు బోర్డులో నలుపు బూడిద రంగులోకి మారుతుంది, తెలుపు మెరుపు తగ్గుతుంది. అంటే రెండు రంగుల మధ్య తేడా తగ్గిపోతుందన్నమాట. ఎంత తగ్గిందో కంప్యూటర్ ఫొటోలోని పిక్సెల్స్ చూసి చెప్పేస్తుంది.

ఉదాహరణకు దగ్గరి బోర్డులో ఆ తేడా 100 అనుకుందాం. ఇంకో 100 మీటర్ల అవతల ఉన్న బోర్డులో అది 60కి పడిపోయింది. అంటే 200 మీటర్ల దగ్గర 36 మాత్రమే ఉంటుంది. ఈ లెక్కన మనిషి కంటికి దాదాపు 770 మీటర్ల తర్వాత ఏమీ కనిపించదు. జర్మన్ శాస్త్రవేత్త కోష్మీడర్ 1924లో చెప్పిన సూత్రమే దీనికి ఆధారం.

మరి దుమ్ము బరువు ఎలా తెలుస్తుంది?

అసలు చిక్కు ఇక్కడే. కెమెరా చూసేది మసకను, దుమ్ము బరువును కాదు. అందుకే మొదట కొన్నాళ్లు అసలైన దుమ్ము కొలిచే యంత్రాన్ని పక్కనే పెట్టి, ఎంత మసకకు ఎంత దుమ్మో సరిపోల్చుకోవాలి. ప్రభుత్వాల లెక్క పీఎం10 మీద, అంటే 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాల మీద ఉంటుంది. 24 గంటల సగటు ఘనపు మీటరు గాలికి అమెరికాలో 150 మైక్రోగ్రాములు, మన దేశంలో 100 మైక్రోగ్రాములు దాటకూడదు.

కెమెరాకు పరిమితులూ ఉన్నాయి. చీకట్లో ఈ పద్ధతి పనిచేయదు. పొగమంచును కూడా దుమ్ముగానే లెక్కేస్తుంది. ఎండ పడే కోణం మారినా తేడా వస్తుంది. కాబట్టి చట్టపరంగా తేల్చాల్సిన చోట అసలు యంత్రాలే కావాలి.

రైతుకు లాభం ఏంటి?

ఒక యంత్రం తను ఉన్న చోట గాలినే కొలుస్తుంది. కెమెరా మాత్రం రెండు బోర్డుల మధ్య ఉన్న గాలి మొత్తాన్ని చూస్తుంది. పైగా ఫలితం నిమిషాల్లో వస్తుంది. మసక పెరుగుతోందని తెలియగానే స్ప్రింక్లర్లు ఆన్ చేయొచ్చు, ఎండిన పేడను ఎప్పటికప్పుడు ఎత్తేయొచ్చు. అలాగని నీళ్లు ఎక్కువ కొట్టినా ఇబ్బందే, దుమ్ము పోయి వాసన, ఈగలు మొదలవుతాయి. నీటి కొరత ఉన్న చోట ఎప్పుడు తడపాలో, ఎప్పుడు అక్కర్లేదో తెలియడమే పెద్ద ఆదా.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. దుమ్ము భరించలేకపోతున్నామని పక్కవాళ్లు, అంతేమీ లేదని యజమాని వాదించుకునే చోట, తేదీ, టైమ్‌తో సహా ఉన్న ఫొటోల వరుస ఇద్దరి ముందూ ఉంటుంది. అప్పుడు గొడవ మాటల మీద కాదు, లెక్క మీద నడుస్తుంది.