నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదనుకోరాదు

ఎండోమెట్రియోసిస్, గర్భాశయ కంతులతో బాధపడే మహిళలకు కొంతకాలంపాటు హార్మోన్లను అణచివేసే మందులు వాడుతుంటారు. నెలకొకసారి ఇచ్చే 3.75 మిల్లీగ్రాముల ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ వీటిలో ఒకటి. ఈ చికిత్సలో నెలసరి నిలిచిపోవడం సహజమే. అయితే నెలసరి రానందున గర్భం కూడా రాదని భావించి కుటుంబ నియంత్రణ పద్ధతులను విడిచిపెట్టరాదు. ఇవి వ్యాధి చికిత్సకు ఉద్దేశించిన మందులే తప్ప గర్భనిరోధకాలు కావు.

అండాశయాలను నడిపించేది మెదడు అడుగుభాగాన గల పిట్యూటరీ గ్రంథి. ల్యూప్రోలైడ్ తొలుత ఈ గ్రంథిని అణచదు, పైపెచ్చు ప్రేరేపిస్తుంది. మొదటి రోజుల్లో హార్మోన్లు పెరిగి, ఆ తరువాతనే తగ్గుముఖం పడతాయి. ఈస్ట్రోజన్ పూర్తిగా క్షీణించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ నడుమ అండం విడుదలయ్యే అవకాశం ఉంది. తదుపరి ఇంజెక్షన్ ఆలస్యమైనా ఇదే పరిస్థితి ఏర్పడవచ్చు. అందువల్లనే గర్భం లేదని నిర్ధారించుకున్న పిమ్మట, సాధారణంగా నెలసరి తొలి రోజుల్లో చికిత్స ప్రారంభిస్తారు.

మాత్రల రూపంలో లభించే డానజోల్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గర్భవతి ఈ మందు వాడితే కడుపులోని ఆడశిశువు జననాంగాలలో పురుష లక్షణాలు ఏర్పడే ప్రమాదముంది.

చికిత్స కాలంలో గర్భం వస్తే వెంటనే తెలియకపోవడం మరొక చిక్కు. నెల తప్పడమనే తొలి సూచన ఇక్కడ పనికిరాదు. వికారం, వాంతులు, రొమ్ముల నొప్పి కనిపిస్తే మందు ప్రభావమని సరిపెట్టుకోక మూత్ర పరీక్ష చేయించుకోవాలి.

ఈ కాలంలో నిరోధ్, కాపర్-టి వంటి హార్మోన్లు లేని పద్ధతులను పాటించాలి. కంతుల వల్ల గర్భాశయం లోపలి ఆకృతి మారినవారికి కాపర్-టి సరిపడదు. ఎముకల రక్షణకై ఇంజెక్షన్‌తోపాటు ఇచ్చే స్వల్ప మోతాదు హార్మోన్ మాత్రలను గర్భనిరోధక మాత్రలుగా పొరబడేవారూ ఉన్నారు. అవి ఆ పని చేయవు. ఈ సంగతి వైద్యులను అడగడానికి మొహమాటం అక్కరలేదు.

చికిత్స ముగిసిన తరువాత మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చు. కనుక అప్పుడూ జాగ్రత్త కొనసాగాలి. గర్భం నిర్ధారణ అయితే తదుపరి మోతాదు తీసుకోక వెంటనే వైద్యులను సంప్రదించాలి. భయంతో దుకాణాలలో గర్భస్రావ మాత్రలు కొని వాడరాదు. ఏ మందు, ఏ వారంలో, ఎంత మోతాదులో వాడారో తెలిపే చీటీని వెంట తీసుకువెళ్లాలి.